విప్పితేనే మాట

నన్ను విప్పే ముందు కాళ్ళు కడుక్కుంటారు. మా పూజారి వడ్డె దీపం ముట్టించి, దూలానికి వేలాడే వెదురు గొట్టాన్ని దించి, అందులోంచి నన్ను మెల్లగా లాగుతాడు. నేను మూడు మూలల గుడ్డను. మొదట్లో వెడల్పుగా ఉండి, పోను పోను సన్నబడి మొన తేలతాను. కోయలు నన్ను పడిగె అంటారు. నా ఒంటి నిండా రంగు గుడ్డలు కత్తిరించి కుట్టిన బొమ్మలు: సూర్యుడు, చంద్రుడు, పులి, ఏరు, బరిసె పట్టుకున్న మనుషులు. ఒక గట్టు, అంటే ఒక వంశం, పుట్టిన నాటి నుంచి ఈ గూడెం చేరే దాకా జరిగిన కథంతా వరసగా నా మీదే ఉంది.

తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు మీద ఏన్కూరు వస్తుంది. అక్కడ రోడ్డు వదిలి అడవి వైపు నడిస్తే మా గూడెం. ఎండాకాలం తునికాకు కట్టలు, ఇప్పపూల వాసన. ఏడాదిలో ఎక్కువ రోజులు నాకు చీకటే. వేల్పు కొలుపు జరిగినప్పుడు మాత్రం నన్ను వెదురు గడకు కట్టి ఏటికి తీసుకుపోతారు. ఆ నీళ్ళు నా మీద చిలికినప్పుడు బొమ్మలన్నీ కళ్ళు తెరిచినట్టు ఉంటుంది నాకు.

నా మీద ఒక్క అక్షరం లేదు. అయినా నన్ను చదువుతారు. చదివేవాళ్ళు డోలీలు. ఒకరు డోలి మీద దెబ్బ వేస్తే, ఇంకొకరు తూతకొమ్ము ఊదితే, పెద్దాయన నా మొదటి బొమ్మ మీద పుల్ల పెట్టి గొంతెత్తుతాడు. కొంత కోయలో, కొంత తెలుగులో. ఎవరికి ఎవరు పుట్టారు, ఏ ఏరు దాటారు, ఏ గుట్ట కింద వేల్పును నిలిపారు అని ఒక్కో బొమ్మకు ఒక్కో అల్లిక. మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య అనే డోలి కళాకారుడు ఉండేవారు. సమ్మక్క సారక్కల కథ, పగిడిద్దరాజు కథ, గరికామరాజు కథ ఆయన గొంతులో ఉండేవి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆ వార్త మా గూడేనికి వచ్చిన రోజు పెద్దాయన అన్నం ముట్టలేదు. గుడ్డ చిరిగితే కొత్త గుడ్డ మీద అవే బొమ్మలు కుట్టుకోవచ్చు. గొంతు పోతే ఏం చెయ్యాలి?

కోయ మనిషిని ముందు అడిగేది గట్టు. మూడో గట్టా, నాలుగా, ఐదా, ఆరా, ఏడా? ఒకే గట్టు వాళ్ళు ఎంత దూరాన ఉన్నా అన్నదమ్ములే, వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి లేదు. అందుకే సంబంధం మాట రాగానే ఇంటిపేరు, గట్టు, వేల్పు అడుగుతారు. ప్రతి రెండేళ్ళకూ మాఘ పున్నమికి పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు పడిగెను అడవి దారిన నడిపించుకుంటూ మేడారం తీసుకుపోతారు. మొగుడు తన పెళ్ళాం సమ్మక్క దగ్గరికి పోతున్నాడని జనం దారి పొడవునా నీళ్ళు పోస్తారు. ఒక గుడ్డను మనిషిలాగా చూసుకునే జనం వీళ్ళు. నాకు అదే గర్వం.

2021 చివర్లో పోడు భూముల పట్టాలకు దరఖాస్తులు తీసుకుంటున్నారని చాటింపు వచ్చింది. ఖమ్మంలో డిగ్రీ చదివే పెద్దాయన మనవరాలు సంచి నిండా కాగితాలతో దిగింది. దీపం ముట్టించమని తనే అడిగింది.

"తాతా, పడిగె విప్పు. మన పెద్దోళ్ళ పేర్లు రాసుకోవాలె."

"పండగ లేదు, కొలుపు లేదు. ఎందుకే బిడ్డా?"

ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపాలి. 2008లో వచ్చిన నిబంధనల్లో ఏవి సాక్ష్యాలో రాశారు. ప్రభుత్వ రికార్డులే కాదు, పెద్దల వాంగ్మూలం, పాత బావి, శ్మశానం, వేల్పు స్థలం, వంశవృక్షం కూడా సాక్ష్యాలే. కనీసం రెండు ఉండాలి. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నన్ను దించాడు. పండగ లేకుండా నన్ను విప్పడం అదే మొదటిసారి.

ఆయన పాడాడు, పిల్ల రాసుకుంది. నేను చెప్పే వరసకూ కాగితం అడిగే వరసకూ చాలా తేడా ఉంది. నాలో మనిషి పక్కన పులి ఉంటుంది, ఏరు ఉంటుంది. కాగితానికి తండ్రి పేరు, ఊరి పేరు, సంవత్సరం కావాలి. అందుకని పిల్ల తహసీలు కాగితాల వెంట పడింది. 1954-55 ఖాస్రా పహాణీ నకలు తెచ్చింది. ఫసలీ 1364 అని ఉంటే 590 కలుపుకుంటే మన లెక్క వస్తుందని తాతకు నేర్పింది. పెద్దాయన తండ్రి పేరు అందులో దొరికింది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. ఒక కార్యాలయంలో ఆ ఒక్క అక్షరం కోసం నాలుగుసార్లు తిప్పారు. అంతకు ముందటి నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉన్నాయి, చదివే మనిషిని వెతుక్కోవాలి.

గోదావరి అవతలి అన్నదమ్ముల సంగతి ఇంకా కష్టం. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా ఇవతలి మేము వరంగల్ జిల్లా వాళ్ళం. భద్రాచలం వైపు వాళ్ళు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. ఒకే తాత బిడ్డలకు ఇన్ని జిల్లాలు, రెండు రాష్ట్రాలు. వాళ్ళ కాగితాల కోసం ఎక్కడెక్కడ తిరగాలి! ఇక పోలవరం ముంపులో శ్మశానాలు పోయే ఊళ్ళ వాళ్ళు ఏ రాయిని చూపిస్తారు?

మా శ్మశానం ఉంది. పిల్ల, పెద్దాయన, అటవీ హక్కుల కమిటీ వాళ్ళు అక్కడికి వెళ్ళినప్పుడు నన్ను కూడా భుజాన వేసుకుపోయారు. పెద్ద ఇప్పచెట్టు కింద నిలబెట్టిన రాళ్ళు. ఒక్క రాయి మీదా పేరు లేదు. పెద్దాయన ఒక్కో రాయి మీద చెయ్యి వేసి ఎవరిదో చెబుతుంటే పిల్ల ఫోనులో ఫోటో తీసి కింద పేరు రాసుకుంది. పినపాక మండలం జానంపేట దగ్గర నాలుగు పలకలు నిలబెట్టి పైన బండ కప్పిన గుళ్ళు ఉన్నాయి. జనం వాటిని రాకాసి గుళ్ళంటారు, పురావస్తువాళ్ళు ఇనుప యుగం సమాధులంటారు. ఎవరి తాతలో చెప్పగల మనిషి వాటికి మిగల్లేదు. మా రాళ్ళకు ఇంకా ఒకాయన ఉన్నాడు.

పేర్ల పట్టీ దాదాపు నిండింది. ఒక్కటి తప్ప. నా మొన దగ్గర, చివరి మనుషుల్లో, తల మీద గంప పెట్టుకున్న ఒక ఆడమనిషి ఉంది. పెద్దాయన నాయనమ్మ. ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆమె పుట్టిన గట్టు చెప్పి ఊరుకున్నాడు.

"పేరు?"

"ముసలవ్వ అనేటోళ్ళం. పేరెవరు పిలిచిన్రు?"

పిల్ల కలం ఆగిపోయింది. నాకూ సిగ్గేసింది. ఇన్ని తరాలు మోశాను, మగవాళ్ళందరి పేర్లూ పాటలో ఉన్నాయి, ఆడవాళ్ళకు మాత్రం పుట్టింటి గట్టే మిగిలింది. ఆ రాత్రి పిల్ల తాతకు ఎక్కడో చదివిన సంగతి చెప్పింది. అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ళు తమ తాతల పేర్లు వెతుక్కుంటూ పోతే 1870 జనాభా లెక్కల దగ్గర గోడ తగులుతుందట. అంతకు ముందు, 1850లో, 1860లో బానిసల పట్టీల్లో యజమాని పేరుంది, బానిసకు వయసు, ఆడా మగా అన్న గుర్తు ఉన్నాయి. పేరు మాత్రం లేదు. "వాళ్ళకు రాసినోళ్ళు పేరు రాయలె. మనం మనోళ్ళ పేరు మనమే మరిచినం తాతా" అంది. ఆయన మాట్లాడలేదు.

మర్నాడు భూమి హద్దులు రాయాలి. పొద్దున్నే పోడు మీదికి పోయారు. తూర్పున వాగు, పడమట బండ, దక్షిణాన చింత. ఉత్తరం వైపున్న చిన్న మడి పేరు అడిగింది పిల్ల. పెద్దాయన రోజూ అనే మాటే అన్నాడు, ఎద్దుల్ని ఎటు తోలాలో చెప్పేటప్పుడు అనే మాట. ఒక ఆడమనిషి పేరు, చివర్న మడి.

"ఆమె ఎవరు తాతా?"

పెద్దాయన నోరు తెరిచి అట్లాగే నిలబడ్డాడు. వాళ్ళ అయ్య ఆ మడిని అదే పేరుతో పిలిచాడు. ఆ మడిలో మొదట రాళ్ళేరి గట్టు వేసింది ముసలవ్వేనని చిన్నప్పుడు విన్నాడు. ఆ రెండు మాటలూ ఆయన ఎన్నడూ కలిపి చూసుకోలేదు.

ఆ పేరు నేను ఇక్కడ చెప్పను, అది ఆ ఇంటివాళ్ళది. పిల్ల వంశవృక్షంలో ఖాళీగా ఉన్న చోట రాసుకుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని చట్టంలోనే ఉందని కమిటీ వాళ్ళకు చదివి వినిపించింది. సాయంత్రం నన్ను మళ్ళీ గొట్టంలో పెట్టే ముందు పెద్దాయన మొన దాకా విప్పి, గంప మోసే మనిషి మీద పుల్ల పెట్టి, డోలి లేకుండానే గొంతెత్తాడు. పేరు దగ్గర తాళం కుదరలేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.