గడ్డి మీద కక్ష

మోకాలి ఎత్తు గడ్డికి ప్రకృతి అనిపించుకునే అర్హత లేదని, మనిషి తలెత్తి చూడవలసినంత ఎత్తున పెరిగిన పచ్చదనమే పచ్చదనమని ఒక సిద్ధాంతం ఈ దేశపు కచేరీలలో బహుకాలంగా చలామణిలో ఉంది. ఆంగ్లేయుల రెవిన్యూ లెక్కలో పంట శిస్తు రాల్చని నేలంతా బంజరే. అడవిలో పశువులను మేపుకునేవారి దగ్గర పుల్లరి, అంటే మేత పన్ను, వసూలు చేసుకుంటూనే ఆ మేత నేలలు పనికిరానివని రాసుకోగల నిబ్బరం ఆ ప్రభువులది. 1922లో పల్నాటి కన్నెగంటి హనుమంతు ప్రాణాలు విడిచింది ఆ పుల్లరిని ధిక్కరించే. శిస్తు ఇవ్వనందుకు ఆనాడు బంజరైన నేల స్వరాజ్యంలో నీడ ఇవ్వనందుకు బంజరైంది. నేరం మారింది కాని ముద్దాయి మారలేదు.

ఈ ముద్దాయిని సంస్కరించే ప్రయత్నాలలో కడప జిల్లాకు దక్కిన ఘనత ప్రత్యేకమైనది. వంటచెరకు కొరత తీర్చడానికి 1870ల చివర్లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కమలాపురం ప్రాంతంలో నాటించిన మొక్కే నేటి సర్కారు తుమ్మ. మేకలు కాయలు తిని, విత్తనాలను పెంటికలతో పాటు ఊరూరా ఉచితంగా పంచిపెట్టగా, అది చెరువు శిఖాలను, పోరంబోకులను, డొంకలను ఆక్రమించి, కింద గడ్డిపోచ మొలవనివ్వని సామ్రాజ్యం స్థాపించింది. (దాన్ని నరికి బొగ్గు కాల్చి బతికే పేదలున్న మాట నిజమే, ఆ ఉపాధి మాత్రం పథకం రాసినవారి దయ కాదు.)

అదే జిల్లాలో, లంకమల కొండల చెంత, తెల్లదొరల పుస్తకాలలోకి 1848లో ఎక్కి, 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట కోరుకునేది మహారణ్యం కాదు. ముళ్ల పొదలు, పొదల మధ్య పరుగెత్తడానికి వీలైన బోడి నేల. సరిగ్గా అటువంటి పొదల నేలకే ప్రభుత్వం ప్రచురించే బంజరు భూముల అట్లాసులో తరగతులు కేటాయించి ఉన్నాయి, పాడైన పచ్చిక బయళ్లకు మరొక తరగతి ఉంది. అటు అడవుల సర్వే సంస్థ నిర్వచనం ప్రకారం హెక్టారుకు తగ్గని విస్తీర్ణంలో నూటికి పది వంతుల నేలను ఆకుల గొడుగు కప్పితే చాలు, ఆ చెట్లు ఏ జాతివైనా, భూమి ఎవరిదైనా అది అటవీ ఆచ్ఛాదనే. కాబట్టి కాగితం మిల్లు కోసం వరుసలు తీర్చి పెంచిన జామాయిల్ తోట అడవి అవుతుంది, కలివికోడి కాపురం బంజరవుతుంది.

ఒకప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. అరణ్యమని పేరే కాని అది గడ్డి మైదానం; నేల మీదనే గుడ్డు పెట్టే ఆ బరువైన పక్షికి నలుదిక్కులా చూపు ఆనే బయలు కావాలి, చెట్టు కొమ్మ అక్కడ గుడ్లు కాజేసే కాకికి పీట అవుతుంది. ఇటువంటి సూక్ష్మాలు లక్ష్యసాధనకు అడ్డు కనుక, పొదల నేలలను, బంజరులను కూడా కలుపుకొని 2024లో వెలువడిన హరిత క్రెడిట్ విధానం హెక్టారుకు కనీసం 1100 మొక్కల చొప్పున నాటమంది. ఆ విధానంలో చెట్టుకొక క్రెడిట్ దక్కేది, గడ్డిదుబ్బుకు ఏమీ దక్కేది కాదు. గడ్డి తాను దాచుకునే కర్బనాన్ని చాలావరకు వేళ్లలో, మట్టిలో దాస్తుంది గనుక పైనుంచి చూసేవారి కంటికి ఆనదు. జేసీబీ తీసిన గుంటలో ఆ వేళ్లు తెగి పైకి తేలుతాయి, వాటి పక్కన అతిథి నీళ్లు పోస్తుండగా ఫొటో తీస్తారు, మర్నాటి నుంచి గొర్రెల మంద వస్తే కాపరికి జరిమానా పడుతుంది.

పర్యావరణ పరిరక్షణ పేరుతో జరిగే ఈ తంతు పచ్చి భూవినియోగ అజ్ఞానం. మేత బీళ్లను, పొదల నేలలను బంజరుల జాబితా నుంచి తొలగించి, వాటి స్వభావానికి తగిన పేరుతో, మేపుకునేవారి హక్కుతో సహా నమోదు చేయవలసిన పని ప్రభుత్వాలది. అంతవరకు గునపాలను గోదాములోనే ఉంచవలసిందిగా అటవీ, పంచాయతీ శాఖలకు మనవి.