యాంగిల్ బావ

ములకలపల్లిలో పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు వేరే ఉన్నారు. మా యాంగిల్ బావ తీసేది కంపోజిషన్లు. మొన్న ఒక పెళ్ళిలో మామిడాకుల తోరణం సందులోంచి తలంబ్రాలు తీశాడు. ఆకులు అద్భుతంగా వచ్చాయి. "పిల్లగాడి తలకాయేది తమ్మీ?" అని పెళ్ళికొడుకు తల్లి అడిగింది. "ఆడ ఖాళీ ఉండాలె అక్కా, చూసేటోళ్ళ కన్ను ఊపిరి పీల్చుకోవద్దా?" అన్నాడు. రావాల్సిన బాకీ అప్పట్నుంచీ ఊపిరి పీల్చుకుంటూనే ఉంది.

పెళ్ళిళ్ళు పొట్టకోసం. బావ ప్రాణమంతా యుద్ధాల మీద. ఏడాది పొడుగునా సాధన కొమ్ముకోయ నాట్యం దగ్గర. తలకి కొమ్ములు కట్టుకున్న ఇద్దరు దున్నల్లా ఢీకొనే క్షణం కోసం దుమ్ములో బోర్లా పడుకుంటాడు. ఒకసారి ఢీ దిక్కు మారింది. కెమెరా బతికింది.

కార్తీక అమావాస్య దగ్గరపడితే స్టూడియో షట్టర్ దించి కారెంపూడి బయల్దేరతాడు. 1182 ప్రాంతంలో జరిగిన పల్నాటి యుద్ధాన్ని నాగులేటి ఒడ్డున ఏటా ఐదు రోజులు మళ్ళీ నడుపుతారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. జనానికవి వీరుల తిరునాళ్ళు, బావకి ఐదు రకాల వెలుతురు. మందపోరునాడు బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తుగా కులాలన్నీ కలిసి కూర్చుంటే, ఈయన ఆ బంతి గీత ఫ్రేములో ఏ మూలకి పోతుందో చూస్తాడు. అన్నం చల్లారాక తింటాడు.

వీరుల ఆయుధమైన కొణతాన్ని మోస్తున్న ఒక ఆచారవంతుడి దగ్గరికెళ్ళి, "పెద్దయ్యా, ఆ కొణతం రెండడుగులు ఎండలోకి..." అన్నాడట.

"ఇది దేవుడయ్యా, జరగదు. నువ్వే జరుగు."

బావ జరిగాడుగానీ ఒప్పుకోలేదు. 1855లో క్రిమియా యుద్ధభూమిలో రోజర్ ఫెంటన్ ఒకే దారిని రెండు ఫొటోలు తీశాడు. ఒకదాంట్లో ఫిరంగిగుండ్లు దారి మీద ఉన్నాయి, ఇంకోదాంట్లో లేవు. వాటిని ఫెంటనే జరిపాడా లేదా అని పండితులు చాలాకాలం తగువు పడ్డారు. "గుండ్లు జరపొచ్చుగానీ కొణతం జరపొద్దా?" అని బావ నన్ను నిలదీస్తాడు, నేనేదో ఫెంటన్ తమ్ముణ్ణైనట్టు.

కిందటేడు కోడిపోరునాడు అన్నీ కుదిరాయి. దుమ్ము లేచింది, పొద్దు వాలింది, ఆయుధాలు ఒక్కసారి పైకి లేచాయి. ఆ ఆవేశంలో పాతికేళ్ళ అలవాటు బావ నోటికి అడ్డంపడింది. "అందరూ ఇటు చూడండి! నవ్వండి!" అని కేకేశాడు.

చూశారు. పొట్టివాళ్ళు ముందుకొచ్చారు, పెద్దలు కూర్చున్నారు, ఎవరో పిల్లాడికి ముక్కు తుడిచారు. ఒక్కరి కళ్ళూ మూతపడలేదు.

స్టూడియో గోడమీద ఇప్పుడున్నది ఆ ఫొటోనే. పెళ్ళివాళ్ళు దాన్నే చూపించి, "గిట్ల తియ్యి, చాలు" అని అడ్వాన్సు చేతిలో పెడుతున్నారు.