హౌరా వంతెన కాల్షీట్లు

హౌరా వంతెనకు నటన రాదు. అయినా సినిమా ప్రచారాలకు అది ఇచ్చినన్ని కాల్షీట్లు ఏ తారా ఇవ్వలేదు. 1943 నుంచీ ఫీల్డులో ఉంది. 1965లో రవీంద్ర సేతు అని పేరు మార్చినా సినిమావాళ్లు పాత స్క్రీన్ నేమ్‌తోనే పిలుస్తారు. పారితోషికం అడగదు, కారవాన్ అడగదు, పర్సనల్ ప్రశ్నలు వద్దనదు. హీరో ముంబై నుంచి దిగినా హైదరాబాద్ నుంచి దిగినా దాని ముందు నిలబడి రెండు చేతులూ చాపుతాడు. క్లిక్. కోల్‌కతా ప్రచారం సగం అయిపోయినట్టే. మిగతా సగం హోటల్ గదిలో.

2022 మార్చి 22న ఆ వంతెన ముందుకు మనవాళ్లే వచ్చారు. జూనియర్ ఎన్టీఆర్, రామ్‌చరణ్, వెంట రాజమౌళి. 'ఆర్ఆర్ఆర్' విడుదలకు ఇంకా మూడు రోజులుంది. 18న దుబాయ్‌లో మొదలుపెట్టారు. 19న చిక్కబళ్లాపూర్, 20న గుజరాత్‌లో పటేల్ విగ్రహం, అదే రోజు ఢిల్లీ, 21న అమృత్‌సర్, జైపూర్, 22న కోల్‌కతా, ఆ రోజే కాశీలో గంగా హారతి కూడా. పూర్వం కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు. మనవాళ్లు ఒకే రోజు హౌరానీ కాశీనీ చుట్టబెట్టి, నవ్వు మొహం చెదరకుండా తిరిగొచ్చారు.

అప్పటికే ఇది రెండో ఆట. మొదటి ఆట 2021 డిసెంబర్‌లోనే పడింది. ముంబై, చెన్నై, బెంగళూరు, తిరువనంతపురం తిరిగారు. కపిల్ శర్మ షోలో కూర్చున్నారు. జనవరి 7న విడుదలనగా, కొత్త సంవత్సరం మొదటి రోజునే కరోనా పుణ్యమా అని వాయిదా వేశారు. అన్ని ఊళ్లలో చెప్పిన అన్ని జవాబులూ వృథా అయ్యాయి. కాకపోతే సినిమా జవాబులు నిన్నటి పప్పు లాంటివి, పోపు మార్చి మళ్లీ వడ్డించొచ్చు. మార్చిలో అదే చేశారు. విడుదలయ్యాకైనా వదిలారా? అక్టోబర్‌లో జపాన్, ఆపైన అమెరికా, 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్. 'నాటు నాటు' పాటను 2021 ఆగస్టులో కీవ్‌లో ఉక్రెయిన్ అధ్యక్షుడి భవనం ముందు తీశారు. ఆ స్టెప్పు వేయడానికి పట్టింది కొన్ని రోజులు. వేసిన సంగతి చెప్పడానికి పదిహేను నెలలు పట్టింది. ఇద్దరి కాళ్లూ ఒక్కసారే పడ్డాయో లేదో రాజమౌళి ఫ్రేము ఆపి మరీ చూసి, మళ్లీ మళ్లీ చేయించిన కథ మనందరికీ కంఠతా వచ్చు. అన్ని టేకులా పాపం అని జాలిపడ్డ యాంకర్లే ఆ కథను అంతకు పదింతలు చెప్పించారు.

నన్నడిగితే నటుడికి అసలు పరీక్ష ఇక్కడే. చెప్పిన మాటనే మొదటిసారి చెబుతున్నట్టు చెప్పడమే కదా నటన! సెట్లో అయితే ఎప్పటికో ఒకప్పటికి దర్శకుడు 'ఓకే' అంటాడు. ఈ హోటల్ గదుల్లో ఓకే చెప్పే నాథుడు లేడు. ఛానెల్ మారుతుంది, గొట్టం మారుతుంది, టేకు మాత్రం అదే.

ఒక్కసారి ఆ గదిలోకి తొంగి చూద్దాం. హీరో పేరెందుకు, ఏ పేరు పెట్టినా అతుకుతుంది. దమ్‌దమ్‌లో విమానం దిగి కారెక్కగానే పీఆర్ అమ్మాయి ఒక కాగితం చేతిలో పెడుతుంది. 'ఆమి తొమాదేర్ భాలోబాషి' (మీరంటే నాకు ప్రేమ) అని తెలుగు లిపిలో రాసి ఉంటుంది, ఒత్తులు ఎక్కడ పలకాలో ఎర్ర గీతలతో సహా. దాని కింద సౌరవ్ గంగూలీ. సత్యజిత్ రే అంటే గౌరవం. (ఏ సినిమా ఇష్టం అంటే 'అన్నీ'.) దుర్గాపూజకు ఎప్పటికైనా రావాలని కల. నొలేన్ గుడ్ సందేశ్ అంటే ప్రాణం. ఆ ఈత బెల్లం చలికాలంలో తప్ప దొరకదని, ప్రచారం జరుగుతున్నది జూన్‌లో అని కాగితం రాసినవారికీ తెలీదు, చదివినవారికీ పట్టదు. రసగుల్లా మాత్రం జాగ్రత్త. 2017లో బెంగాల్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2019లో ఒడిశా కూడా తన రసగోలాకు తెచ్చుకుంది. ఇక్కడ 'రసగుల్లా మీ సొంతం' అన్న నోటితోనే రేపు భువనేశ్వర్‌లో ఇంకోటి అనాలి. ఇక 'సిటీ ఆఫ్ జాయ్‌కి రావడం నా అదృష్టం' అనకపోతే సభ మొదలే కాదు. ఆ పేరు డొమినిక్ లాపియర్ 1985లో హౌరాలోని ఒక మురికివాడ మీద రాసిన నవలది. మురికివాడ పేరు పెట్టి పిలిస్తే మహానగరం మురిసిపోయి ఈలలు వేస్తుంది.

గదిలో రెండు కుర్చీలు, వెనక పోస్టర్ బోర్డు, లేబుల్ చింపిన నీళ్ల సీసా. పళ్లెంలో సందేశ్. హీరో ఒక ముక్క తీసి పెదాల దాకా తెచ్చి కళ్లు మూసుకుంటాడు. ఫోటో పడగానే ముక్క మళ్లీ పళ్లెంలోకే. తలుపు పక్కనున్న జిమ్ ట్రైనర్ ఊపిరి పీల్చుకుంటాడు. తర్వాతి ఛానెల్ వస్తుంది. అదే ముక్క, అదే తన్మయత్వం. సాయంత్రానికి ఆ సందేశ్ ఎన్ని ఛానెళ్లలో కనిపిస్తుందో! హీరో కంటే దానికే ఎక్కువ కవరేజీ.

బయట వరండాలో విలేఖరులు. వాళ్లను తిట్టబుద్ధి కాదు. పొద్దుట్నుంచీ ఎండిపోయిన శాండ్‌విచ్ పెట్టి కూర్చోబెడతారు. ఇచ్చేది ఏడు నిమిషాలు, కాలర్ మైకు తగిలించడానికి రెండు పోతాయి. పక్కన పీఆర్ అమ్మాయి వేళ్లు చూపిస్తూ ఉంటుంది. మూడు. రెండు. 'లాస్ట్ క్వశ్చన్, ప్లీజ్.' ఆ తొందరలో తాత్వికుడైనా ఏమడుగుతాడు? కథ వినగానే ఏమనిపించిందని అడుగుతాడు. వెంటనే ఓకే చెప్పేశానంటాడు హీరో. పాత్ర? ఇంతవరకూ చేయనిది. సెట్లో? అందరం ఒక ఫ్యామిలీ. హీరోయిన్? చాలా హార్డ్ వర్కింగ్. దర్శకుడు? విజన్ ఉన్న మనిషి. ఇది సినిమా కాదు, ఎమోషన్. ఈ అరడజను వాక్యాలను ఏ వరుసలో పేర్చినా అర్థం మారదు, ఏ సినిమాకైనా పనికొస్తాయి. హిట్టూ ఫ్లాపూ భేదం కూడా లేదు. సినిమా గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడినట్టుండే కళ ఇది.

విచిత్రం ఏమిటంటే, ఇంటర్వ్యూ అంటే ఏమిటో ఈ దేశానికి చూపించింది ఈ ఊరే. సత్యజిత్ రే 1966లో తీసిన 'నాయక్' మొత్తం ఒక ఇంటర్వ్యూనే. అవార్డు తీసుకోవడానికి రైల్లో ఢిల్లీ పోతున్న స్టార్ అరిందమ్‌గా ఉత్తమ్ కుమార్, 'ఆధునిక' అనే ఆడవాళ్ల పత్రిక నడిపే అదితిగా షర్మిలా ఠాగూర్. డైనింగ్ కారులో ఎదురుబొదురుగా కూర్చుంటారు. పొద్దుపోయే కొద్దీ అతని భయాలూ, పైకి వచ్చే తొందరలో తొక్కేసిన మనుషులూ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ఆమె రాసుకుంటుంది. చివరికి ఆ కాగితాలు చించేస్తుంది.

ఇవాళ అదితి ఆ పని చేస్తే సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది. అసలు చించడానికి కాగితమేది? అరిందమ్ గొంతు వణికిన పన్నెండు సెకన్లు రైలు బర్ధమాన్ దాటకముందే ఫోన్లలో తిరుగుతూ ఉంటాయి. 'స్టార్ హీరో నోట షాకింగ్ నిజాలు', ఎర్ర బాణం గుర్తు, పక్కన నోరు తెరుచుకున్న యాంకర్. నిజానికి అంతదాకా కూడా రాదు. అదే టేబుల్ దగ్గర పీఆర్ అమ్మాయి మూడో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది: 'మేడమ్, సినిమా గురించే అడగండి.'

ఉత్తమ్ కుమార్ పక్కన వెలిగిన సుచిత్రా సేన్ సంగతి ఇంకా గొప్పది. 1978లో 'ప్రణయ్ పాషా' తర్వాత ఆవిడ తలుపేసుకుంది. 2014 జనవరిలో కన్నుమూసేదాకా ముప్ఫై అయిదేళ్లు మైకులకు దొరకలేదు. 2005లో ఫాల్కే అవార్డు ఇస్తామంటే, దానికోసం ఢిల్లీ దాకా రావాలి కాబట్టి వద్దందని చెప్పుకుంటారు. బెంగాలీలు మర్చిపోయారా? పోయిన రోజున ఊరు ఊరంతా కదిలింది. మన కాలంలోనైతే ఆ మౌనాన్నీ వదిలేవారు కాదు. 'ముప్ఫై అయిదేళ్లలో తొలిసారి... ఆ తలుపు వెనక ఏముంది? ప్రోమో రేపు ఉదయం 9 గంటలకు.' మన వైపు చూస్తే నయనతార ప్రచారాలకు రానని ఏళ్ల తరబడి గిరి గీసుకుంది. 2025లో చిరంజీవి సినిమా కోసం అనిల్ రావిపూడి ఆవిడతో ఒక వీడియో చేయించేసరికి, కథేమిటో ఎవరికీ తెలియకముందే అదే పెద్ద వార్తయి కూర్చుంది. ప్రచారానికి ఒప్పుకోవడమే ప్రచారం!

ఒక్క విద్యాబాలన్ మాత్రం ఈ తంతును పసిగట్టి దాన్నే నటనగా మార్చేసింది. కోల్‌కతా వీధుల్లో తీసిన 'కహానీ' 2012 మార్చిలో వచ్చింది. కథలో భర్తను వెతుక్కునే గర్భిణి ఆవిడ. ప్రచారానికి కూడా ఆ కృత్రిమ కడుపుతోనే రైల్వే స్టేషన్లకూ బస్టాండ్లకూ వెళ్లి, బొమ్మ చూపించి 'మా ఆయన్ని చూశారా' అని అడిగింది. ఎలాగూ నటించాల్సిందే కదా, నచ్చిన పాత్రే నటిద్దాం అనుకుందేమో. ఇంకో తెలివైన మనిషి రచనా బెనర్జీ. 'బావగారూ బాగున్నారా'లో మన చిరంజీవి పక్కన చూసిన ఆ రచనే. బెంగాలీ టీవీలో 'దీదీ నంబర్ వన్' షోకి యాంకరై, జవాబుల కుర్చీ వదిలి ప్రశ్నల కుర్చీలోకి మారింది. 2024లో హుగ్లీ నుంచి లోక్‌సభకు గెలిచింది. ఇప్పుడు పాపం మళ్లీ జవాబుల కుర్చీలోనే, ఈసారి ఏడు నిమిషాల్లో వదలరు.

మన నటులకు కలకత్తా కొత్తేమీ కాదు. 1933లో సి. పుల్లయ్య 'సతీ సావిత్రి'నీ, మరుసటి ఏడు 'లవకుశ'నూ తీసింది కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకే. నాటకాలవాళ్లు మూటాముల్లే సర్దుకుని రైలెక్కారు. వేమూరి గగ్గయ్య యముడు, దాసరి రామతిలకం సావిత్రి. వెళ్లారు, పాడారు, నటించారు, ఇంటికొచ్చారు. యముడి కిరీటం తీసి పక్కన పెట్టి 'ఈ ఊరితో నాది జన్మజన్మల అనుబంధం' అనాల్సిన అవసరం గగ్గయ్యకు పడలేదు. వెనక నిలబడ్డానికి ఇప్పటి హౌరా వంతెన అప్పటికి కట్టనే లేదు. అప్పట్లో కలకత్తా వెళ్లింది సినిమా చేయడానికి. ఇప్పుడు వెళ్లేది చేశామని చెప్పడానికి.

చెప్పకపోతే జనం రారంటారు నిర్మాతలు. 2021 డిసెంబర్‌లో 'పుష్ప' హిందీలో వచ్చినప్పుడు పెద్దగా చెప్పినవాళ్లెవరు? వంద కోట్లు దాటింది. అందుకని రెండో భాగానికి గుణపాఠం నేర్చుకుని గమ్మున ఉన్నారా? నవంబర్‌లో పట్నా గాంధీ మైదానం నింపేశారు. ప్రకటించిన ఊళ్ల జాబితాలో కోల్‌కతా పేరు కూడా వేశారు, పాటలకు బెంగాలీ మాటలూ కట్టించారు. ఆ ఊరి వంతు రాకుండానే విడుదల రోజు, 2024 డిసెంబర్ 5, వచ్చేసింది. సభ లేకపోతే కోల్‌కతాలో బొమ్మ ఆగిందా? ఆగలేదు. నష్టపోయింది వంతెనొక్కటే, ఒక కాల్షీటు.

బెంగాల్లో తెలుగు సినిమాను నెత్తిన పెట్టుకునేవాళ్లను నిజంగా చూడాలంటే ఖరగ్‌పూర్ పోవాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మనవాళ్లు అక్కడ పాతుకుపోయారు. హౌరా నుంచి లోకల్ రైల్లోనే వెళ్లొచ్చు. కానీ ఏ ప్రచార బృందమూ అటు తొంగి చూడదు. ఎందుకు చూస్తుంది? అక్కడ సందేశ్ ముక్కతో, 'ఆమి తొమాదేర్'తో పని జరగదు. రిటైరైన గార్డుగారు లేచి శుభ్రమైన తెలుగులో అడుగుతాడు: 'సెకండాఫ్ ఎందుకలా సాగదీశారు బాబూ?' కారులో ఇచ్చిన కాగితం మీద దానికి జవాబు లేదు. పీఆర్ అమ్మాయికి ఆ ప్రశ్న అర్థం కాదు గనక ఆపలేదు కూడా.

నిర్మాతల మండలికి నాదొక సలహా. హీరోని ఒక్క రోజు పచ్చ గుడ్డ ముందు కూర్చోబెట్టి ఒక్కటే ఇంటర్వ్యూ తీయండి. 'మీ ఊరు నాకెప్పుడూ ప్రత్యేకం' అనిపించండి. వెనక హౌరా వేస్తే కోల్‌కతా, చార్మినార్ వేస్తే హైదరాబాద్, గేట్‌వే వేస్తే ముంబై. చేతిలో తెల్లగా గుండ్రంగా ఏదో ఒకటి పెడితే అది ఇక్కడ రసగుల్లా, చెన్నైలో ఇడ్లీ. గొంతు ఎలాగూ డబ్బింగే. విమానం ఖర్చు మిగులుతుంది, హీరో పిల్లల మొహం చూస్తాడు, విలేఖరులు ఎండిన శాండ్‌విచ్ తప్పించుకుంటారు. ఒప్పుకుంటారని నాకు నమ్మకమే. భయమల్లా ఆ తర్వాతి సంగతి గురించే. ముందు ఇంటర్వ్యూ ఫస్ట్ లుక్ వదులుతారు. తర్వాత గ్లింప్స్, టీజర్, ట్రైలర్. దానికో ప్రీ రిలీజ్ ఈవెంట్ ఉండాలి కదా! వేదిక కోల్‌కతా, ముఖ్య అతిథి మన హీరోనే, వంతెన డేట్లు ఎప్పుడూ ఖాళీయే.