అనవసర ప్రయాణం

మా వియ్యంకుడుగారిది మధురవాడ, మాది భీమిలి. ఆమధ్య ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, మా గేటు ముందు కారాపి, అద్దం నాలుగు వేళ్ళ మేర దించి, లోపల్నుంచే ఒక సిద్ధాంతం విడుదల చేశారు.

“పెట్రోలు రేటు పెరగడం ఒకందుకు మంచిదే బావగారూ. జనం అనవసరంగా తిరగడం మానేస్తారు.”

ఇంజను నడుస్తూనే ఉంది. ఏసీ గాలి ఆ నాలుగు వేళ్ళ సందులోంచి వచ్చి నా మొహానికి చల్లగా తగిలింది. పిల్లనిచ్చుకున్నవాడికి వియ్యంకుడి ఎదుట ఆర్థికశాస్త్రం రాకూడదు. “అంతేగదండీ” అన్నాను.

ఆయన వెళ్ళిపోయారు గానీ మాట మిగిలిపోయింది. అనవసర ప్రయాణం అంటే ఏది? అది తేల్చేది ఎవరు? చూద్దామని పాత డైరీ ఒకటి తీసి, పేజీ మధ్యన గీత గీసి, ఎడమవైపు ‘అవసరం’, కుడివైపు ‘అనవసరం’ అని రాశాను. సోమవారం స్కూటరు మీద తగరపువలస బ్యాంకుకెళ్ళి పాస్‌బుక్కులో పద్దులు అచ్చు వేయించుకొచ్చాను. ఎడమవైపు రాశాను. మా ఆవిడ చూసి, “ఫోన్లో కనిపించే అంకెల్ని కాగితం మీద చూసుకోడానికి పదిహేను కిలోమీటర్లా?” అని డైరీ లాక్కుని కుడివైపుకి మార్చింది. మంగళవారం తను విశాఖ వెళ్ళి జాకెట్టు గుడ్డ మార్చుకొచ్చింది. నేను కుడివైపు రాయబోయాను.

“ఖర్చు కూడా రాయండి” అంది.

“ఎంతయింది?”

“సున్నా.”

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్ళకి సిటీ బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు. సముద్రం పక్కనుంచి పోయే 900కె ఎక్కినా, మధురవాడ మీదుగా పోయే 999 ఎక్కినా సున్నాయే. వియ్యంకుడుగారి సిద్ధాంతాన్ని తిరగేస్తే, ధర సున్నా అయినచోట అనవసర ప్రయాణాలు పొంగి పొర్లాలి. పొర్లుతున్నాయనే మా సెంటర్లో టీకొట్టు దగ్గర తీర్పు. “పనీపాటా లేకుండా ఊళ్ళు తిరుగుతున్నారండీ ఆడవాళ్ళు” అని బాధపడేవాళ్ళంతా, ముప్పయ్యేళ్ళుగా సాయంత్రమయ్యేసరికి బండి తీసి బీచికెళ్ళి, సముద్రం ఉన్నచోటే ఉందని రూఢి చేసుకుని ఇంటికొచ్చే పెద్దమనుషులే. వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ లెక్కలో పొరపాటు లేదు.

సరే, సిద్ధాంతాన్ని పరీక్షించాలంటే రేటు బాగా పెరిగిన కాలం చూడాలి. 2022 మొదట్లో ఐదు రాష్ట్రాల ఎన్నికలు జరిగినన్నాళ్ళూ పెట్రోలు రేటు బుద్ధిగా చేతులు కట్టుకు కూర్చుంది. మొత్తం 137 రోజులు కదల్లేదు. ఓట్ల లెక్కింపు అయిపోయాక మార్చి 22న లేచింది. ఏప్రిల్ 6 దాకా, పదహారు రోజుల్లో పద్నాలుగుసార్లు పెరిగి, లీటరుకి పది రూపాయలు ఎక్కింది. విశాఖలో 120కి అటూ ఇటూగా నిలబడింది. ఆ వేసవి ఆదివారాలు నాకు బాగా జ్ఞాపకం. రుషికొండ దగ్గర కార్లు, తొట్లకొండ కింద కార్లు, మంగమారిపేట దగ్గర కార్లు, ఎర్రమట్టి దిబ్బల దగ్గర నిలిపే చోటు లేక రోడ్డు మీదే కార్లు. భీమిలి బీచి రోడ్డంటేనే అనవసర ప్రయాణాల కోసం దేవుడూ ప్రభుత్వమూ ఉమ్మడిగా వేసిన రోడ్డు. పాతిక కిలోమీటర్లు వచ్చి, మొక్కజొన్న పొత్తు తిని, గోస్తని సముద్రంలో కలిసేచోట ఫోటో దిగి, పాతిక కిలోమీటర్లు వెనక్కి పోతారు. 120 దగ్గర ఆగాల్సిన ప్రయాణం ఏదైనా ఉందంటే ముందుగా ఇదే ఆగాలి. ఆగలేదు. ఒక్క తేడా మాత్రం కనిపించింది. అంతకుముందు పొత్తు రేటు అడక్కుండా తీసుకునేవాళ్ళు బేరమాడడం మొదలెట్టారు.

ధరల ప్రయోగాలు విశాఖకి కొత్త కాదు. రోజుకో రేటు పద్ధతి దేశమంతటికీ 2017 జూన్ 16న వచ్చింది గానీ మనకి మే 1నే వచ్చేసింది. పుదుచ్చేరి, ఉదయ్‌పూర్, జంషెడ్‌పూర్, చండీగఢ్‌లతో పాటు మనల్నీ ఎంచుకుని నెలన్నర వేసి చూశారు. ఎవరూ సొమ్మసిల్లి పడిపోలేదని తేలాక మిగతా దేశానికి ఎక్కించారు. ఒక్కసారిగా ఐదు రూపాయలు పెంచితే ధర్నా అవుతుంది, రోజుకి పావలా చొప్పున పెంచితే చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ కిటుకు మన ఒంటి మీదే తేలింది. అయినా మనకెవరూ శాలువా కప్పలేదు.

మల్కాపురంలో కాల్టెక్స్ వాళ్ళు 1957లో నడపడం మొదలుపెట్టిన రిఫైనరీ ఇప్పుడు హెచ్‌పీసీఎల్‌ది. ముడిచమురు ఓడ మన రేవుకే వస్తుంది. శుద్ధి మన ఊళ్ళోనే, వాసన మన ముక్కులకే. దేశానికి ఆపద వస్తే పనికొస్తుందని 13.3 లక్షల టన్నుల చమురు దాచే గుహలు కూడా మన రాతి నేల కిందే తొలిచారు. ఇన్ని ఉన్న ఊళ్ళో లీటరు రేటు దేశంలో మహా ఖరీదైన వాటి వరసలో ఉంటూ వచ్చింది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పెరటి పెట్రోలు పర్సుకి పనికిరాదు. కేంద్రం సుంకం వేశాక, దాని మీద రాష్ట్రం 31 శాతం వ్యాట్, ఆపైన నాలుగు రూపాయలు, ఆపైన రోడ్ల కోసమని 2020లో మొదలెట్టిన రూపాయి సెస్సు. ఆ రూపాయి సంగతి మా వీధి గోతులకి ఇంకా కబురందలేదు.

2020 అంటే గుర్తొచ్చింది. ఆ ఏప్రిల్ 20న అమెరికా బజారులో ముడిచమురు సున్నా కంటే కిందికి పోయింది. పట్టుకుపోయేవాడికి ఎదురు డబ్బివ్వాల్సి వచ్చింది. పదిహేను రోజులకి మన దగ్గర ఎక్సైజు సుంకం పెట్రోలు మీద పది రూపాయలు, డీజిలు మీద పదమూడు పెరిగింది. పంపు దగ్గర రేటు పెరగలేదు, తగ్గాల్సింది తగ్గలేదు. గడప దాటితే లాఠీ లేచే రోజులవి. అనవసర ప్రయాణం అప్పటికే నేరం. మరి ఏ ప్రయాణాన్ని మాన్పించడానికి పెంచారో వియ్యంకుడుగారి సిద్ధాంతంలో జవాబు లేదు. ఖజానాలో ఉంది.

1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టిన రోజుల్లో రేటు పెరిగితే, ఆ నవంబరులో వాజ్‌పేయిగారు పార్లమెంటుకి ఎడ్లబండి మీద వచ్చారు. అప్పట్నుంచీ ఏ పార్టీ అయినా ప్రతిపక్షంలోకి రాగానే ఎడ్లబండి కడుతుంది, అధికారంలోకి రాగానే ఎడ్లని విప్పేస్తుంది. నేను చూసిన ఒక ధర్నాకి ఎడ్లని మినీలారీలో తెచ్చారు.

రేటు బాధకి వియ్యంకుడుగారి దగ్గర మందు కూడా ఉంది. “యానాంలో కొట్టించుకోవాలి బావగారూ, లీటరుకి పది రూపాయల పైన తేడా ఉంటుంది.” యానాం పుదుచ్చేరిది, అక్కడి పన్ను వేరు. కాకినాడ చుట్టుపక్కల వాళ్ళు ట్యాంకు నింపుకోడానికి వెళ్ళొస్తుంటారు. నేనూ కాగితం తీశాను. భీమిలి నుంచి యానాం సుమారు రెండొందల కిలోమీటర్లు. పోనూ రానూ నాలుగొందలు. ఆయన కారు లీటరుకి పదహారు ఇస్తుందనుకున్నా పాతిక లీటర్లు ఖర్చు. ముప్పై ఐదు లీటర్ల ట్యాంకు నింపితే మిగిలేది మూడొందల యాభై, నాలుగొందలు. ఇది ఎడమవైపు రాయాలా కుడివైపు రాయాలా అని మా ఆవిణ్ణి అడిగాను. “పొదుపు అని వేరే పేజీ పెట్టండి” అంది.

అసలు మా ఊరు పుట్టి పెరిగిందే దూరప్రయాణాల మీద. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు నెలల తరబడి ఓడలో కూర్చుని ఇక్కడికొచ్చింది బట్టల బేరానికి. గాలికి వ్యాట్ లేదు కాబట్టి వచ్చారు. తిరిగి వెళ్ళలేకపోయినవాళ్ళు హాలండర్స్ గ్రీన్ సమాధుల్లో ఉన్నారు. జాకెట్టు గుడ్డ కోసం పాతిక కిలోమీటర్లు పోయి సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరిన మా ఆవిణ్ణి నేను ఏ మొహం పెట్టుకుని నిలదీయను?

డైరీ సంగతి వీధిలో పాకింది. ఒడ్డున పాటలో చేపలు కొని, మధురవాడ అపార్టుమెంట్ల దగ్గర అమ్ముకునే ఆవిడ ఒకామె మా గుమ్మంలో తట్ట దించింది.

“ఏటి బాబూ, అందరి పయాణాలూ రాస్తన్నారంట. నాదీ రాయండి. ఆయిలు రేటు పెరిగిందని సర్వీసాటోవోడు మనిషికి పెంచీసినాడు, తట్టకీ పెంచీసినాడు. ఇదివరకు రోజూ ఎల్లీదాన్ని. ఇప్పుడు వారానికి రెండుపాల్లే.”

“బస్సు ఫ్రీయే కదమ్మా?”

“మనిషికి ఫ్రీ బాబూ. తట్టని చూస్తే కంపంటారు, నీళ్ళు కారతన్నాయంటారు. తట్ట లేకుండా నానెల్లి ఏటి సెయ్యను? సముద్రం కబుర్లు సెప్పి రానా?”

ఆవిడ మొగుడు వేటకెళ్తాడు. బోటు డీజిలు మీద ప్రభుత్వం ఇచ్చే రాయితీని 2019లో లీటరుకి తొమ్మిది రూపాయలు చేశారు. ఆ తర్వాత పంపు దగ్గర పెరిగింది అంతకంటే ఎక్కువ. తెల్లారగట్ల ఖాళీ వలతో తిరిగొచ్చే రోజులుంటాయి గదా, అవి ఏ వరసలో రాయమంటావని అడిగాను. “సేప పడదని ముందే తెలిస్తే ఎందుకెల్తాడు బాబూ?” అంది. రెండు వరసలకీ మధ్యనున్న గీత మీద రాశాను.

ఆ వారం డైరీ అంతా వెతికితే, రేటు పెరగడం వల్ల నిజంగా ఆగిపోయిన ప్రయాణాలు ఐదు దొరికాయి. ఐదూ ఆ తట్టవే. ఐదూ ఎడమవైపువే.

మళ్ళీ ఆదివారం వచ్చింది, వియ్యంకుడుగారు వచ్చారు, అద్దం నాలుగు వేళ్ళ మేర దిగింది.

“మా అపార్టుమెంటుకి చేపలామె సరిగ్గా రావడం మానేసిందండీ. తాజా చేప తినాలంటే ఇంత దూరం పడి రాక తప్పట్లేదు. అవసరం గదా మరి!”

అవసరం అన్నారు కాబట్టి ఎడమవైపే రాసుకున్నాను. వీధి చివర తట్ట ముందు కూర్చున్న ఆవిణ్ణి చూపించాను. కారు అక్కడిదాకా పోనిచ్చి, ఈసారి అద్దం పూర్తిగా దించారు. వంజరం మీద బేరం పావుగంట సాగి, ఇరవై రూపాయల తగ్గింపు దగ్గర తెగింది. అంతసేపూ ఇంజను నడుస్తూనే ఉంది.