పైలం చెప్పే మనిషి ఏడీ?

మా పెగడపల్లిలో ఇప్పుడు ఏ గల్లీలోకి పోయినా ఒక ఇల్లు లేస్తూనే ఉంది. పొద్దున చాయ్ తాగి అట్లా నాలుగడుగులు వేస్తే, రెండో అంతస్తు గోడ మీద నిలబడి కింద నుంచి విసిరిన ఇటుకను అందుకునే పిల్లగాడు కనిపిస్తాడు. కాళ్లకు హవాయి చెప్పులు, తలకు తువ్వాల. నడుముకు తాడు లేదు. చేయి చాపితే అందేంత దూరంలో కరెంటు తీగలు. మొన్న ఒకచోట ఆగి, "దిగు బిడ్డా, గోవ (పరంజా) మీద బల్ల వేసుకొని చేసుకో" అన్నాను. "ఏం గాదు తాతా, దుబాయిల ముప్పై అంతస్తుల మీద పనిచేసి వచ్చిన" అన్నాడు.

ఆ మాట రెండు రోజులు నన్ను నిద్రపోనియ్యలేదు. ముప్పై అంతస్తుల మీది నుంచి వాడు క్షేమంగా దిగి వచ్చింది ధైర్యంతో కాదు. నడుముకు బెల్టు ఉంది కాబట్టి. ఆ బెల్టు కొక్కెం తగిలించకపోతే పని ఆపి గేటు బయటికి పంపే మనిషి ఒకడున్నాడు కాబట్టి. ఆ మనిషి మన ఊళ్లో లేడు. మా రోజుల్లో ఉండేవాడు.

నేను సుతారి పనిలో చేరింది 1969లో. జై తెలంగాణ ఉద్యమంతో బడులు మూతబడ్డ ఏడు. నాకు పద్నాలుగేళ్లు. మా మేనమామ మేస్త్రీ. ఆయన కింద మేం ఏడుగురం. ఆయనకు చదువు రాదు, చట్టం తెలియదు. కానీ గోవ కట్టినంక ప్రతి ముడికీ తానే వేలాడి చూసిన తర్వాతే మమ్మల్ని ఎక్కనిచ్చేవాడు. వాన కురిసిన మర్నాడు మట్టిగోడను అరచేత్తో తట్టి, చెవి పెట్టి వినేవాడు. శబ్దం తేడాగా ఉంటే ఆ పూట పని బంద్. ఇంటాయన ముహూర్తం పోతుందని మొత్తుకున్నా సరే, బంద్. కల్లు తాగి వచ్చినవాణ్ని ఇసుక జల్లెడ దగ్గర కూర్చోబెట్టేవాడు తప్ప నిచ్చెన ముట్టనిచ్చేవాడు కాదు. ఎక్కే ప్రతి మనిషికీ, ప్రతిసారీ, పేరు పెట్టి "పైలం" (జాగ్రత్త) అనేవాడు. రోజుకు నలభైసార్లు విన్న మాట అది. విసుగొచ్చేది. ఇప్పుడు చెప్పేవాడు లేక చెవులు వెతుక్కుంటున్నాయి.

అట్లని ఆ కాలం మొత్తం మంచిదని అనను. అంటే అబద్ధమవుతుంది. బావులు తవ్వేటప్పుడు పేలకుండా మిగిలిన తూటా మీద గడ్డపార పడి చేతులు పోయినవాళ్లను నేను చూశాను. ఒడ్డు కూలి మట్టి కిందే ఉండిపోయినవాళ్లను చూశాను. సున్నం చిట్లి కంట్లో పడితే కన్ను పోయినట్టే. పచ్చి సిమెంటులో దినమంతా నిలబడితే కాలివేళ్ల సందులు తినేసేది. రాత్రి నూనె రాసుకొని పడుకోవడమే మాకు తెలిసిన వైద్యం. నెలలు నిండిన ఆడమనుషులు నెత్తిన గమేళా పెట్టుకొని నిచ్చెన ఎక్కారు. వాళ్ల పసిపిల్లలు ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాలలో ఏడ్చారు. నేనే బడికి పోవాల్సిన వయసులో ఇటుకలు మోశాను. మా మామ కన్ను ఎంత చురుకైనా ఏడుగురి మీదే ఉండేది. ఆ కంటికి ఆవల ఎవరికి ఏమైనా అడిగే నాథుడు లేడు. అందుకే చట్టం కావాల్సిందే. చట్టం వద్దనే ముసలివాణ్ని కాను నేను.

1983లో దుబాయి పోయాను. అప్పటికే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు నుంచి బస్సుల కొద్దీ జనం బొంబాయి చేరి విమానం ఎక్కుతున్నారు. అక్కడా మొదట్లో దిక్కూమొక్కూ లేదు. జూలై ఎండలో మిట్టమధ్యాహ్నం ఇనుము కట్టేవాళ్లం. చేతికి తగిలిన చువ్వ చర్మాన్ని పట్టుకునేది. కళ్లు తిరిగితే ఉప్పు గోళీ, గ్లాసు నీళ్లు ఇచ్చి మళ్లీ ఎక్కమనేవాళ్లు. మా దగ్గరి ఊరి మనిషి ఒకాయన బల్ల లేని చోట కాలు పెట్టి పడిపోయాడు. కాగితం మీద గుండె ఆగి చనిపోయాడని రాశారు. గుండె ఆగకుండా ఎవరు చనిపోతారు? ఎందుకు ఆగిందో రాయాలి కదా. ఆ ఒక్క మాట రాయనందుకు ఆ ఇంటికి రావాల్సిన పైసలు రాలేదు.

తర్వాత తర్వాత మారింది. హెల్మెట్ వచ్చింది, ముందర ఇనుప రేకున్న బూట్లు వచ్చాయి, నడుముతో పాటు భుజాలనూ తొడలనూ పట్టే బెల్టు వచ్చింది. పొద్దున పని మొదలయ్యే ముందు పది నిమిషాలు నిలబెట్టి హిందీలో ఆనాటి ప్రమాదాలేమిటో చెప్పడం మొదలుపెట్టారు. 2005 నుంచి ఎమిరేట్స్‌లో ఎండాకాలం మధ్యాహ్నపు పని ఆపడం నియమమైంది. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయట పని లేదు. ఎండ, ఉక్కపోత, గాలి అన్నీ కలిపి కొలిచే లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ గంటకైనా సరే పని ఆపాలి. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం లోకమంతా ఖతర్ వైపు చూడబట్టి అక్కడ ఇంత మారింది. ఈ నియమాలు ఎవరి దయవల్లా పుట్టలేదు. ముందు శవపెట్టెలు వచ్చాయి, తర్వాత నియమాలు వచ్చాయి. ఆ పెట్టెల్లో కొన్ని మన జగిత్యాల రోడ్డు మీదుగా మన వాడలకే వచ్చాయి.

మరి మన మనుషుల ప్రాణాలు పోసి కట్టుకున్న ఆ నియమం మన మనుషులతో ఇంటికి ఎందుకు రాలేదు? సెంటు సీసాలు తెచ్చారు, కంబళ్లు తెచ్చారు, బంగారం తెచ్చారు. బెల్టు కట్టుకునే అలవాటు మాత్రం అక్కడి ఎయిర్‌పోర్టులోనే వదిలి వచ్చారు. నా బాధ అదే.

మన దేశంలో చట్టం లేదా అంటే ఉంది. 1996లోనే భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. హెల్మెట్, బెల్టు, గోవ గట్టితనం, తాగునీళ్లు, యాభైమందికి మించి ఆడవాళ్లు ఉంటే పిల్లలకు చోటు, అన్నీ అందులో ఉండేవి. కానీ పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటు దాని కిందికి వచ్చేది కాదు. పది లక్షలు దాటని సొంతిల్లు వచ్చేది కాదు. సేఫ్టీ ఆఫీసర్ ఉండాలంటే ఐదువందల మంది పనిచేయాల్సి వచ్చేది. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమలులోకి వచ్చింది. సేఫ్టీ ఆఫీసర్ లెక్కను రెండువందల యాభైకి తగ్గించారు, అది మంచిదే. కానీ సొంతింటి మినహాయింపును యాభై లక్షల దాకా పెంచారు. పెగడపల్లిలో యాభై లక్షలు దాటే ఇల్లు ఎన్ని? రెండువందల యాభై మంది ఒక్కచోట పనిచేసింది ఎన్నడు? మా మండలంలో లేచే ఇల్లు దాదాపు ప్రతిదీ ఈ చట్టం గడప అవతలే ఉంటుంది. గోడ మీది నుంచి పడేవాడికి ఆ ఇల్లు యాభై లక్షలదా, ఐదు లక్షలదా అనే తేడా ఉంటుందా? ఎముక ఒక్క తీరుగానే విరుగుతుంది.

పోనీ, చట్టం వర్తించే పెద్ద పనుల దగ్గర అంతా భద్రమేనా? 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, లోపల పద్నాలుగు కిలోమీటర్ల దగ్గర పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఒక్కరూ ప్రాణంతో బయటికి రాలేదు. వాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. ఆ వార్త వింటుంటే నాకు మా దుబాయి క్యాంపు మంచాలే కళ్ల ముందు కదిలాయి. మనకు దుబాయి ఎట్లనో వాళ్లకు తెలంగాణ అట్ల. ఇప్పుడు మా ఊళ్లో టైల్స్ వేసేది, సెంట్రింగ్ కొట్టేది కూడా బీహార్, ఒడిశా పిల్లలే. పరాయి దేశంలో మన బిడ్డను మంచిగా చూడాలని కోరుకునే తల్లిదండ్రులం, మన వాకిట్లో పనిచేసే పరాయి తల్లి బిడ్డను ఎట్లా చూస్తున్నామో ఒక్కసారి తలచుకోవాలి.

దుమ్ము సంగతి ఇంకా ఘోరం. మా కాలంలో బండను సుత్తితో కొట్టి చెక్కేవాళ్లం. ఇప్పుడు గ్రానైటును మూసిన గదిలో కట్టర్ పెట్టి కోస్తున్నారు. గది తెల్లగా పొగలాగా నిండుతుంది, ముక్కుకు గుడ్డ కూడా ఉండదు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు. పడినవాడు ఆ రోజే తెలుస్తాడు. దుమ్ము తిన్నవాడు పదేళ్ల తర్వాత తెలుస్తాడు, అప్పటికి ఏ ఇంట్లో పీల్చాడో చెప్పలేడు. కోసే చోట నీళ్లు పోస్తే సగం దుమ్ము అక్కడే అణుగుతుంది. నీళ్లకు పైసలు కావాలా?

ఎండ సంగతీ అంతే. జగిత్యాల జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మా మామ ఎండాకాలం తెల్లారుజామున నాలుగింటికి పని ఎత్తుకొని పదకొండుకల్లా దించేవాడు. ఇప్పుడు కాంక్రీటు కలిపే మిల్లర్ కిరాయికి వచ్చిందని మిట్టమధ్యాహ్నమే స్లాబ్ పోస్తున్నారు. మిషన్ కిరాయికి ఉన్న విలువ మనిషి నెత్తురుకు లేకుండా పోయింది.

స్లాబ్ రోజున యాటను కోస్తారు, మందు తెప్పిస్తారు. దావత్ వద్దనను, కష్టం చేసినవాళ్లకు కడుపు నిండా పెట్టాలి. కానీ సగం స్లాబ్ కాకముందే సీసా తెరుస్తున్నారు. ఆ మనిషే మళ్లీ పైకెక్కి చువ్వ మోస్తాడు. తీగ ఎంత దూరముందో చూసే కన్ను అప్పటికే మసకబారి ఉంటుంది.

నా పట్టు ఒక్కటే. భద్రత అంటే బోర్డు కాదు, హెల్మెట్ రంగు కాదు. "ఆగు" అని చెప్పి పని ఆపగల మనిషి. మా రోజుల్లో ఆ మనిషి ఉండేవాడు, చట్టం లేదు. ఇప్పుడు చట్టం ఉంది, ఆ మనిషి లేడు. గుత్తకు పని పట్టిన మేస్త్రీ నాలుగు ఇళ్ల మధ్య బండి మీద తిరుగుతున్నాడు. ఇంటాయన ఫోన్‌లో ఉన్నాడు. గోవ ముడికి వేలాడి చూసేవాడు ఎవడు?

ఇల్లు కట్టుకునేవాళ్లకు చేతులెత్తి చెప్తున్నాను. దావత్ ఖర్చులో కొంత తీసి రెండు బెల్టులు, నాలుగు హెల్మెట్లు కొనండి. పని అయిపోయాక పక్కింటాయనకు ఇవ్వండి, ఊరంతా తిరుగుతాయి. ఇంటి మీదుగా తీగ పోతుంటే స్లాబ్ రోజున కరెంటోళ్లకు చెప్పి లైను ఆపించండి. గల్ఫ్ నుంచి వచ్చిన తమ్ముళ్లారా, అక్కడ నేర్చింది ఇక్కడ మీరే నేర్పాలి, మీకన్నా తెలిసినవాళ్లు ఊళ్లో లేరు. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో తొంభై రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు కార్మిక శాఖలో పేరు రాయించుకొని కార్డు తీసుకోండి. ఊరు చిన్నదని, మేస్త్రీ పెద్దవాడు కాదని వెనకాడకండి.

మేస్త్రీలారా, మీ కింద పనిచేసేవాళ్లు ఎక్కే ముందు ఒక్క ముడికి వేలాడి చూడండి. పేరు పెట్టి పిలిచి పైలం అనండి. ఆ మాటకు కూలి అడిగేవాడు లేడు.