జీబీల పంచాయితీ

కర్నూలు-కడప కాలువకు బచావత్ ట్రిబ్యునల్ 39.9 టీఎంసీలు కేటాయించింది. సుంకేసుల దగ్గర నిలబడితే ఆ లెక్క నమ్మబుద్ధవుతుంది. కడప చివర సేద్యం చేసే మా మామ మాత్రం, "ఆ ముప్పై తొమ్మిదీ పైవాళ్లే పెట్టుకోనీ ప్పా, నాకా పాయింటు తొమ్మిది వదిలితే చాలు" అంటాడు.

నేను కర్నూలులో ఒక కాలేజీ సర్వరు చూస్తుంటాను. డిస్కు 1 టీబీ. పిల్లలు 300 మంది, తలా 5 జీబీల కోటా. గుణిస్తే 1500 జీబీలు! లేనిదాన్ని ఎట్లా పంచినావని అడిగినవాళ్లకు కాలువ చూపిస్తాను. అందరూ ఒకేసారి తూములు ఎత్తరులే అన్నదే నా ధైర్యం. పరీక్షల ముందు అందరూ ఒకేసారి ఎత్తుతారు. హెచ్ఓడీ గారికి కోటానే లేదు. కాలువ తలకాడ పొలం ఆయనది.

ఈ డిస్కు కోటాలు 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో లోకానికి అందాయి. రాసింది మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు రాబర్ట్ ఎల్జ్. రెండు హద్దులు పెట్టాడు. సాఫ్ట్ లిమిట్ దాటితే హెచ్చరిక, ఇప్పటి సర్వర్లలోనైతే మామూలుగా వారం గడువు. హార్డ్ లిమిట్ దగ్గర ఇక ఒక్క అక్షరం కూడా ఎక్కదు. పాపం, ఆ గడువు పెట్టినవాళ్లు సీమలో శిస్తు వసూలు చేసినట్టు లేరు. గడువు ఉందని తెలిశాక ఏడో రోజు సాయంత్రం దాకా ఎవడైనా ఫైలు చెరుపుతాడా?

ఎవరెంత వాడారో చెప్పే 'రెప్‌కోటా' చిట్టా తీస్తే అసలు కథ బయటపడుతుంది. కొండారెడ్డి బురుజు ఆటోలో పోయేంత దూరం. అయినా ఆ బురుజు సీను కోసం 'ఒక్కడు' సినిమాను తలా ఒక కాపీ దాచుకున్నారు. ఒకడైతే దానికి 'డీబీఎంఎస్ రికార్డు ఫైనల్' అని పేరు పెట్టాడు. చెరపమంటే, చూడకుండానే ఎట్లా చెరుపుతాం సార్ అని మళ్లీ మొదటి నుంచి చూశాడు. కోటా ఒక్కో ఫైల్‌సిస్టమ్‌కు వేరువేరు. తాత్కాలిక ఫైళ్ల 'టెంప్' మా సర్వరులో వేరే పార్టిషన్ మీద, కోటా లేకుండా ఉంటుంది. గండి కొట్టడం మనవాళ్లకు ఒకరు నేర్పాలా? వారంలో అదీ నిండింది.

మొన్న ఇద్దరు కలిసి వచ్చారు.

"సార్, నా కోటాలో రెండు జీబీలు మిగిలిపోయినాయి. వీనికి రాసియ్యండి."

"ఎంతకు మాట్లాడుకున్నారు?"

"రెండు ప్లేట్లు ఉగ్గాని బజ్జీ సార్. ఒక ప్లేటు అడ్వాన్సుగా తినేసినా."