దాదాపు సరిపోయే స్క్రూ

అసలు సరిపోని స్క్రూతో ఏ గొడవా లేదు. రంధ్రంలో పెట్టగానే రానంటుంది, మనం ఇంకొకటి వెతుక్కుంటాం. ప్రమాదమంతా దాదాపు సరిపోయేదానితోనే. మొదటి చుట్టు మర్యాదగా తిరుగుతుంది, రెండో చుట్టుకి కాస్త బిగుస్తుంది, మూడో చుట్టుకి అల్యూమినియం పొడి రాలుస్తుంది. ఆ తరవాత అసలు స్క్రూ దొరికినా పట్టుకోవడానికి మర మిగలదు.

బెంగళూరులో ఒకాయన ఇల్లు మారుతూ అమ్మేసిన పాత న్యూటోనియన్ టెలిస్కోపు కేజీఎఫ్‌లో మా మేడెక్కేసరికి దాని ఫోకసర్‌కి మూడు స్క్రూలు లేవు. కన్ను ఆనించే ఐపీసుని పట్టి ఉంచేవి రెండు, ఫోకస్ కుదిరాక గొట్టం జారకుండా బిగించేది ఒకటి. "చిన్న స్క్రూలే సార్, ఏ షాపులోనైనా దొరుకుతాయి" అన్నాడాయన ఫోన్లో. అమ్మేసిన వస్తువు గురించి మనిషికి ఎక్కడలేని ధీమా వస్తుంది.

రాబర్ట్‌సన్‌పేటలో హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను. "స్క్రూ చెక్కకా సార్, గోడకా?" అన్నాడు కుర్రాడు. టెలిస్కోపుకి అన్నాను. నన్నొకసారి ఎగాదిగా చూసి, "రేయ్, సార్‌కి స్విచ్‌బోర్డు స్క్రూలు చూపించరా" అని లోపలికి కేకేశాడు. వచ్చినవి 5/32 అంగుళం స్క్రూలు. అంటే 3.97 మిల్లీమీటర్లు. నా ఫోకసర్‌కి కావలసింది ఎమ్4, అంటే 4 మిల్లీమీటర్లు. మందంలో తేడా వెంట్రుకంత కూడా లేదు. కానీ మొదటిదానికి అంగుళానికి 32 చుట్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య 0.79 మిల్లీమీటరు. రెండోదానికి 0.7. ఈ మాట షాపులో చెబితే, "పైన కొంచెం ఆయిల్ వేసి తిప్పండి సార్, పోతుంది" అన్నాడు. పోతుందనే నా భయం కూడా.

ఈ ఊళ్లో స్క్రూ అడిగితే చరిత్ర చేతికొస్తుంది. 1880లలో జాన్ టేలర్ కంపెనీవాళ్లు బంగారం తవ్వడానికి యంత్రాలతో పాటు విట్‌వర్త్ మరను కూడా ఇక్కడ దించారు. 1841లో ఇంగ్లండులో ఖాయం చేసిన ఆ మరకి పళ్ల కోణం 55 డిగ్రీలు. మెట్రిక్ మరకి 60. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి గానీ అంగుళాలు మూతపడలేదు. గనిలో చేసినవాళ్లింట్లో అంగుళాల స్పానర్లు, బీఈఎంఎల్ ఫ్యాక్టరీలో చేసినవాళ్లింట్లో మిల్లీమీటర్ల స్పానర్లు. ఒకే వీధిలో ఎదురెదురిళ్లు. అడిగితే ఇద్దరూ కాదనకుండా ఇస్తారు, ఏదీ పట్టదు.

అసలు టెలిస్కోపులవాళ్లే ఒక మాట మీద లేరు. ఐపీసు గొట్టం ఒకటింపావు అంగుళం, లేదంటే రెండంగుళాలు. పాత చిన్న టెలిస్కోపులకైతే 0.965 అంగుళం. చైనాలో 31.75 మిల్లీమీటర్లుగా కోసి, ఒకటింపావు అంగుళమని పేరు పెట్టి, దాన్ని బిగించడానికి ఎమ్4 స్క్రూ పెడతారు.

ఇదే ఊళ్లో 1965లో చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హమ్ వాళ్లతో కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ఆకాశాన్ని పాతాళం నుంచి చూసిన ఊరు మాది. అదృష్టవంతులు, న్యూట్రినోకి ఫోకసర్ అక్కర్లేదు.

చివరికి గని వర్క్‌షాపులో టర్నర్‌గా చేసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఇంటి వరండాలో చిన్న లేతు పెట్టుకున్నాడు. ఫోకసర్ని చేతిలో తిప్పి చూసి, "ఇది యాడ తెచ్చినావు సారూ? గ్రీజులో మన సైనైడ్ దిబ్బ మట్టంతా ఉండాది" అన్నాడు. నిజమే, వేసవి గాలికి గని వదిలేసిన ఆ మట్టి దిబ్బల దుమ్ము చేరని వస్తువు ఊళ్లో లేదు. తరవాత వేపపుల్ల ఒకటి చెక్కి, రంధ్రంలోకి నొక్కి తిప్పి, మెల్లగా బయటికి తీశాడు. పుల్ల మీద మర అచ్చు పడింది. దాని మీద పిచ్ గేజి ఆకులు ఒక్కొక్కటే ఆనించి వెలుతురుకి ఎత్తి చూశాడు. "రెండు ఎమ్4. బిగించేది ఎమ్5. పొడుగెంత?" అన్నాడు. పొడవు సంగతి నాకు తట్టనే లేదు. పొట్టిదైతే ఐపీసుని అందుకోదు, పొడుగుదైతే తలలు బయటికి పొడుచుకొచ్చి చీకట్లో చేతికి తగులుతాయి. ఇత్తడి కడ్డీలోంచి మూడూ కోసి, వేళ్లతో తిప్పడానికి తలలకి గరుకు పెట్టాడు. స్టీలైతే ఐపీసు గొట్టాన్ని గీస్తుందట.

మా మేనల్లుడు మాత్రం స్క్రూలతో ఆగలేదు. కెమెరా తగిలించాలన్నాడు, అడాప్టర్ తెప్పించాడు. టెలిస్కోపులకి వాడే టీ థ్రెడ్డు 42 మిల్లీమీటర్లు, చుట్టుకి 0.75. పాత పెంటాక్స్, జెనిట్ లెన్సులదీ 42 మిల్లీమీటర్లే, చుట్టుకి 1. వచ్చింది రెండోది. మళ్లీ అదే కథ, ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుంది. దాన్ని మార్పించి సరైనది బిగిస్తే చంద్రుడు స్పష్టంగా రాడు. టీ పద్ధతిలో మర అంచు నుంచి కెమెరా సెన్సరుకి 55 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. కంటితో చూడ్డానికి చేసిన న్యూటోనియన్‌లో ఫోకసర్ అంత లోపలికి పోదు. అడాప్టర్ చేర్చినకొద్దీ కెమెరా ఇంకా బయటికే జరుగుతుంది. దీనికి మందు బార్లో లెన్సు, అది ఫోకస్‌ని బయటికి నెడుతుంది. దాన్ని తగిలించడానికి ఇంకో అడాప్టర్ కావాలన్నాడు వాడు. నేను కిందికి దిగిపోయాను.

పెద్దాయన్ని ఒక రాత్రి పిలిచి గురుగ్రహాన్ని, పక్కనే దాని చంద్రుళ్లనీ చూపించాను. చాలాసేపు కన్ను తియ్యలేదు. "నాలుగు చుక్కలూ సెంటర్ పంచ్ కొట్టినట్టు ఒకే లైన్లో ఉండాయి" అన్నాడు. నాకు గర్వమేసింది. ఇంతలో నాబ్‌ని అటూ ఇటూ కదిపి, "గురుడిలో ఏం తప్పు లేదు సామీ, ఈ పినియన్లో ఆట ఉండాది. సందులో పల్చటి షిమ్ము వెయ్యాల" అంటూ జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. నేను కాఫీ తెచ్చేలోపు ఫోకసర్ విప్పి సంచిలో వేసుకున్నాడు.

"ఎప్పుడిస్తారు మేస్త్రీ?"

"షిమ్ము దొరకాల గదా. అంగుళాల్లో అయితే ఇంట్లోనే ఉండాది."